ఎగ్జాస్ట్ సౌండ్ ఎంతుండాలి? 103 డీబీతో వచ్చిన ఒక ట్విన్ బండి కేసు

బండి 270 డిగ్రీల క్రాంక్ ఉన్న ప్యారలల్ ట్విన్ (పక్కపక్కన రెండు సిలిండర్లు), 700 సీసీ లోపుది, మ్యాక్స్ పవర్ 8000 ఆర్పీఎమ్ దగ్గర. హెడర్ (ఇంజన్ నుంచి పొగ తెచ్చే పైపులు), దాంట్లో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసేది) రెండూ కంపెనీవే, రెండు పైపులు కలిసి వెనక ఒక్కటే సైలెన్సర్. ఆ ఒరిజినల్ సైలెన్సర్ తీసేసి పొట్టి స్లిప్-ఆన్ క్యాన్ వేయించుకున్నాడు ఓనర్, దాని లోపలుండే డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించే ఇన్సర్ట్) కూడా కొన్న కొత్తలోనే పీకేశాడు (అందరూ చేసేదే). నా దగ్గరికి వచ్చేసరికి స్టేషనరీ సౌండ్ టెస్టులో (బండి నిలబెట్టి కొలిచేది) ఫెయిలై ఉంది, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవ పెట్టుకుంటున్నారు, థ్రాటిల్ వదిలితే వెనక పటపటా పేలుతోంది. అడిగింది మాత్రం ఒక్కటే, "అన్నా, సౌండ్ పోకూడదు, గొడవ పోవాలి."

చాలామంది మెకానిక్కులు ఇది కుదరదనే చెప్తారు, ఒరిజినల్ సైలెన్సర్ పెట్టేసుకో అని పంపేస్తారు. కుదురుతుంది, కాకపోతే సౌండ్ ఎంత పెద్దగా ఉంది అనేది ఒకటి, ఎలాంటి సౌండ్ అనేది ఇంకొకటి, ఈ రెండూ వేరువేరని ఒప్పుకుంటేనే. ఓనర్‌కి నచ్చేది రెండోది, పక్కింటివాళ్లని లేపేది మొదటిది. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే, పని మధ్యలో ఈ తేడా మీటర్ మీద చాలా క్లియర్‌గా కనపడింది.

ముందు కొలత

ఫోన్ యాప్‌లో 88 డీబీ (డెసిబెల్) చూపిస్తోందని ఓనర్ చూపించాడు. ఫోన్ మైక్ మాట కోసం చేసింది, కింది ఫ్రీక్వెన్సీలు కోసేస్తుంది, సౌండ్ ఎక్కువైతే పైన క్లిప్ అయిపోతుంది, ఎగ్జాస్ట్ దగ్గర దాన్ని నమ్మితే అంతే సంగతులు. సరైన మీటర్, దాన్ని 94 డీబీ దగ్గర చెక్ చేసుకునే క్యాలిబ్రేటర్, మైక్ మీద స్పాంజ్ టోపీ, ఇవి లేకుండా నేను నంబర్ చెప్పను.

పద్ధతి ఐఎస్ఓ 5130, యూఎన్ రెగ్యులేషన్ 41 అనే రెండు అంతర్జాతీయ రూల్స్‌లో ఉన్నదే. మైక్ పైపు మూతికి అర మీటర్ దూరంలో, గ్యాస్ బయటికి వచ్చే దిశకి 45 డిగ్రీల కోణంలో, మూతి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో (నేల నుంచి 20 సెంటీమీటర్లకి తగ్గకుండా). బండి చుట్టూ 3 మీటర్లలో గోడా కారూ ఏదీ ఉండకూడదు, బయటి సౌండ్ మనం కొలిచేదానికంటే కనీసం 10 డీబీ తక్కువుండాలి. ఇంక ఆర్పీఎమ్ ఎంత పెట్టాలంటే, మ్యాక్స్ పవర్ 5000 ఆర్పీఎమ్ పైన వచ్చే బండైతే దాంట్లో సగం, 5000 లేదా అంతకంటే కిందే వచ్చేస్తే ముప్పాతిక. మన బండికి 4000. అక్కడ కదలకుండా పట్టుకుని థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేయాలి, పట్టుకున్నప్పటి నుంచి, వదిలాక ఆర్పీఎమ్ పూర్తిగా దిగేదాకా వచ్చిన పెద్ద రీడింగే లెక్క. వరసగా మూడు రీడింగులు 2 డీబీ తేడా లోపల రావాలి. థ్రాటిల్ వదలడం కూడా టెస్టులో భాగమే అన్న సంగతి చాలామందికి తెలీదు, అందుకే వెనక పేలే బండ్లు స్టెడీ ఆర్పీఎమ్‌లో బాగానే ఉండి చివర్లో ఫెయిల్ అవుతుంటాయి.

ఫ్రేమ్ మీదున్న ప్లేట్‌లో కంపెనీ వేసిన నంబర్, 4000 దగ్గర 91. మాకు వచ్చింది 103.

12 డీబీయే కదా అనిపిస్తుంది. డెసిబెల్ లాగరిథమ్ లెక్క, 3 పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు, 12 అంటే దాదాపు 16 రెట్లు. చెవికి మాత్రం 10 డీబీ పెరిగితే సుమారు రెట్టింపు సౌండ్‌లా వినపడుతుంది కాబట్టి ఓనర్‌కి "కొంచెం గట్టిగా ఉంది" అంతే. కొలిచేటప్పుడు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నాం, ఎందుకంటే నియోష్ (అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం సంగతి చూసే సంస్థ) లెక్క ప్రకారం 85 డీబీలో 8 గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డీబీకి టైమ్ సగం అవుతూ పోతుంది, 103 దగ్గరికొచ్చేసరికి మిగిలేది ఏడున్నర నిమిషాలు.

ఆ 12 డీబీ ఎవరికి తగులుతోంది

ఓనర్‌ని ఒప్పించింది ఈ లెక్కే కాబట్టి పూర్తిగా రాస్తాను. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే సౌండ్ 6 డీబీ తగ్గుతుంది. అర మీటర్ నుంచి 50 మీటర్లకి వెళ్తే దూరం వంద రెట్లు, అంటే 40 డీబీ తగ్గుదల. 103 అనేది 50 మీటర్ల అవతల కిటికీ బయట 63 అవుతుంది, 91 అనేది 51 అవుతుంది. కిటికీ కొంచెం తెరిచి పడుకుంటే లోపలికి వచ్చేసరికి ఇంకో 15 డీబీ తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్స్‌లో వాడే లెక్క. అంటే మంచం దగ్గర 48 ఒకవైపు, 36 ఇంకోవైపు. అదే సంస్థ 1999 గైడ్‌లైన్స్ ప్రకారం పడకగదిలో ఒక్క శబ్దం 45 దాటితే నిద్ర చెడటం మొదలవుతుంది.

ఒకే బండి, ఒకే ఆర్పీఎమ్, సైలెన్సర్ ఒక్కటే తేడా, ఒకటి గీతకి పైన, ఒకటి గీతకి చాలా కింద. అది కూడా లోడ్ లేకుండా నిలబెట్టి పట్టుకున్న 4000, నిజంగా గేర్లో వేసి థ్రాటిల్ తిప్పితే ఇంకా ఎక్కువే. రెండు వైపులా గోడలున్న సందులో సౌండ్ కొట్టుకుని తిరిగొస్తుంది, ఈ 6 డీబీ తగ్గుదల కూడా పూర్తిగా దొరకదు.

ఇక్కడ చిన్న పక్కమాట. ఓనర్ "80 లోపుంటే ఓకే అంట కదా" అన్నాడు, ఇంకొకరెవరో 96 దాకా ఓకే అన్నారట. రెండూ నిజమే, రెండూ ఈ బండికి పనికిరావు. 80 అనేది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రోడ్డు బండ్లకి 1986 నుంచి పెట్టిన లిమిట్, బండి యాక్సిలరేట్ చేస్తూ పోతుంటే 15 మీటర్ల (50 అడుగుల) దూరం నుంచి కొలిచేది. యూఎన్ రెగ్యులేషన్ 41 నాలుగో సిరీస్‌లో బండి పవర్‌కీ బరువుకీ ఉన్న నిష్పత్తిని బట్టి 73, 74, 77 అని మూడు లిమిట్లున్నాయి, అవి పోతున్న బండికి 7.5 మీటర్ల నుంచి. 96 అనేది ఎస్ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ) పెట్టిన జే2825 స్టేషనరీ టెస్టులోది, అర మీటర్ నుంచే కానీ ట్విన్‌కి 2000 ఆర్పీఎమ్ దగ్గర. దూరం, ఆర్పీఎమ్, లోడ్ చెప్పకుండా ఎవరైనా డీబీ నంబర్ ఒక్కటే చెప్తే దాన్ని పట్టించుకోకండి.

లోపల ఏముంది

క్యాన్ విప్పితే అనుకున్నట్టే ఉంది. చిల్లుల పైపు చుట్టూ ఉండాల్సిన గ్లాస్ వూల్ ప్యాకింగ్ మూతి వైపు సగం కాలిపోయి ఎగిరిపోయింది, మిగిలింది నల్లగా గట్టిపడింది. హెడర్ ఇంజన్ హెడ్‌కి తగిలే చోట ఒక గ్యాస్కెట్ చుట్టూ మసి చార, అంటే లీక్.

పేలుళ్ల సంగతి ముందు చూశాం, ఎందుకంటే అది తేలిక. ఎగ్జాస్ట్‌లో ఎప్పుడూ బయటికి నెట్టే ప్రెషరే ఉంటుందనుకుంటారు, కానీ పల్స్ వెళ్లిన వెనకే నెగెటివ్ వేవ్ వస్తుంది, ఆ క్షణంలో లీక్ ఉన్న చోట బయటిగాలి లోపలికి పీల్చుకుంటుంది. థ్రాటిల్ మూసినప్పుడు సరిగ్గా కాలని మిక్స్చర్ పైపులోకి వస్తుంటే, ఈ కొత్త గాలి తోడై వేడికి అక్కడే అంటుకుంటుంది, అదే పటపట. ఒరిజినల్ సైలెన్సర్‌లో కూడా కొంచెం జరుగుతుంది కానీ లోపలే మింగేస్తుంది. కొంతమందికి ఈ పేలుళ్లే ఇష్టం, ట్యూనర్ దగ్గర డబ్బులిచ్చి మరీ పెట్టించుకుంటారు, కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలితే అది ఓవర్‌హీట్ అయి లోపల కరిగిపోయే అవకాశం ఉందని చెప్పినా వినరు.

గ్యాస్కెట్లు రెండూ మార్చాం, పేలుళ్లు చాలావరకు పోయాయి, మీటర్‌లో 102. స్టెడీ సౌండ్ తగ్గలేదు, థ్రాటిల్ వదిలినప్పుడు చివర్లో వచ్చే పీక్ తగ్గింది.

తర్వాత ప్యాకింగ్. కొత్త వూల్ వదులుగా కాకుండా, మరీ కుక్కకుండా చుట్టి వేశాం. 98కి దిగింది. ఓనర్ ఒక రౌండ్ వేసొచ్చి మొహం వేలాడేసుకుని "చప్పగా అయిపోయిందన్నా" అన్నాడు. మర్నాడు సాయంత్రం ఇంటికెళ్లాక పై అంతస్తులో ఉండే ఆంటీని అడిగితే ఆవిడకి తేడా ఏమీ తెలీలేదంట, పొద్దున కిటికీ అద్దాలు అలాగే అదురుతున్నాయి అన్నారంట.

నాలుగు డీబీ తగ్గితే ఓనర్‌కి నష్టం, ఆవిడకి లాభం లేదు. కేసు మొత్తంలో అసలు విషయం ఇక్కడే ఉంది.

మీటర్ వినని సౌండ్

రూల్స్‌లో కొలిచేదంతా ఏ-వెయిటింగ్‌తో. మనిషి చెవికి చిన్న సౌండ్‌లో బేస్ తక్కువ వినపడుతుంది కాబట్టి మీటర్ కూడా కింది ఫ్రీక్వెన్సీలని కోసి లెక్కేస్తుంది. ఎంత కోస్తుందంటే 1000 హెర్ట్జ్ దగ్గర సున్నా, 200 దగ్గర సుమారు 11 డీబీ, 100 దగ్గర 19, 63 దగ్గర 26. ఇప్పుడు ఈ బండి లెక్క చూడండి, ఫోర్-స్ట్రోక్ ట్విన్ కాబట్టి సగటున క్రాంక్ ఒక్క రౌండ్‌కి ఒక్క ఫైరింగ్, 4000 ఆర్పీఎమ్ అంటే సెకనుకి 67. పైగా 270 డిగ్రీల క్రాంక్, ఫైరింగులు సమానంగా పడవు, 270, 450, మళ్లీ 270, 450, ఆ వరస రెండు రౌండ్లకి ఒకసారి రిపీట్ అవుతుంది కాబట్టి 33 హెర్ట్జ్ దగ్గర ఇంకో బలమైన సౌండ్. ఆ వీ-ట్విన్ లాంటి దడదడ అక్కడిదే. పొద్దున్నే చల్లటి ఇంజన్ ఫాస్ట్ ఐడిల్‌లో ఉంటే ఇదంతా ఇంకా కిందికి, ఇరవైల్లోకి జారుతుంది. ఏ-వెయిటింగ్ మీటర్‌కి అది దాదాపు లేనట్టే. కిటికీ అద్దానికి మాత్రం ఉంది, గోడలు కూడా బేస్‌ని పెద్దగా ఆపవు.

అందుకే సీ-వెయిటింగ్ పెట్టి కూడా కొలుస్తుంటాను, అది బేస్‌ని దాదాపు అలాగే వదిలేస్తుంది. ప్యాకింగ్‌కి ముందు సీ రీడింగ్ 111, ప్యాకింగ్ తర్వాత 110. గ్లాస్ వూల్ పని చేసేది పై ఫ్రీక్వెన్సీల మీద, 500 హెర్ట్జ్ పైన బాగా, కింద దాదాపు ఏమీ చెయ్యదు. సన్నటి రేకు సౌండ్ లాంటి చిరచిర పోయింది, ఓనర్ "చప్పగా" అన్నది దాన్నే, బేస్ అంతా చెక్కు చెదరకుండా పై ఇంటికి వెళ్తోంది.

బేస్‌ని ఆపాలంటే ఛాంబర్లు కావాలి. కంపెనీ సైలెన్సర్ బరువుగా లావుగా ఉండేది అందుకే, లోపల గదులు, వాటి మధ్య పైపులు, గ్యాస్ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతుంటే వేవ్ వెనక్కి కొట్టుకుని తనని తనే తగ్గించుకుంటుంది. పక్కకి ఒక మూసిన గొట్టం పెట్టి కూడా ఒక ఫ్రీక్వెన్సీని చంపొచ్చు, కానీ 400 డిగ్రీల వేడి గ్యాస్‌లో సౌండ్ సెకనుకి 520 మీటర్లు పోతుంది, 67 హెర్ట్జ్‌కి క్వార్టర్-వేవ్ గొట్టం కావాలంటే దాదాపు రెండు మీటర్లు. బండి మీద ఎక్కడ పెడతాం? 200 హెర్ట్జ్‌కైతే 65 సెంటీమీటర్లు, మడత పెడితే పడుతుంది. పొట్టి క్యాన్‌లో వాల్యూమే లేదు, దాంతో ఎంత కుస్తీ పట్టినా ఇంతే.

ఏం చేశాం

ముందు పాత డీబీ కిల్లర్ పెట్టి చూశాం, 94కి వచ్చింది, సీ 105. నంబర్ పరంగా బాగానే ఉంది కానీ మధ్య రేంజ్‌లో గొంతు నొక్కినట్టు, ఓనర్‌కి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. పొట్టి క్యాన్ పక్కన పెట్టేసి అప్రూవల్ మార్క్ ఉన్న పొడుగు క్యాన్ వేశాం, వాల్యూమ్ ఎక్కువ, లోపల ఒక రిఫ్లెక్షన్ ఛాంబర్, దాని తర్వాత వూల్ ఉన్న చిల్లుల పైపు, మూతి ఇన్సర్ట్ రివెట్‌తో ఫిక్స్. హెడర్, క్యాటలిటిక్ కన్వర్టర్ ముట్టుకోలేదు. రీడింగ్ 93, సీ 101. పాత కాన్ఫిగరేషన్ కంటే ఏ-లో 10, సీ-లో కూడా 10 తగ్గింది, అంటే బేస్ కూడా నిజంగా తగ్గింది. మిగిలింది 130 నుంచి 250 హెర్ట్జ్ మధ్యలో ఉండే ఆ గురగుర, రైడర్‌కి బండి బతికున్నట్టు అనిపించేది అదే. ఓనర్ రౌండ్ వేసొచ్చి ఈసారి ఏమీ అనలేదు, కార్డ్ తీశాడు.

పవర్ గురించి కూడా చెప్పాలి. బ్యాక్ ప్రెషర్ తగ్గితే పవర్ పెరుగుతుందని ఓపెన్ పైపు వేస్తారు. డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద పాత క్యాన్‌తో టాప్‌లో ఒకటో రెండో హార్స్‌పవర్ ఎక్కువ, రోజూ వాడే 3000-4500 మధ్య మాత్రం పెద్ద గుంట. ఇంజన్‌కి కావాల్సింది బ్యాక్ ప్రెషర్ కాదు, సరైన టైమ్‌లో వాల్వ్ దగ్గరికి తిరిగొచ్చే నెగెటివ్ వేవ్, సిలిండర్‌లో మిగిలిన పొగని లాగేసేది అదే. పైపు పొడవు, వాల్యూమ్ మారితే ఆ టైమింగ్ మారిపోతుంది. దానికి తోడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లైట్ థ్రాటిల్‌లో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది కానీ థ్రాటిల్ ఎక్కువ తిప్పితే దాని మ్యాప్ ప్రకారమే పోతుంది, పైపు మారిన సంగతి దానికి తెలీదు, లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోల్ పడదు). కొత్త క్యాన్‌తో గుంట చాలావరకు పూడింది. సౌండ్ ఎక్కువున్నప్పుడు బండి స్పీడ్‌గా పోతున్నట్టు అనిపించడం వేరే విషయం, ఓనర్ కూడా గ్రాఫ్ చూసేదాకా నమ్మలేదు.

"సౌండ్ ఉంటే సేఫ్ కదా"

ఇది ప్రతి కస్టమర్ అడుగుతాడు, ఇతనూ అడిగాడు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ టీమ్ ఇచ్చిన యాక్సిడెంట్ల రిపోర్ట్‌లో, ప్రమాదం వచ్చిన దిశ నాలుగింట మూడొంతుల పైన రైడర్ నేరుగా చూసే దారికి అటూ ఇటూ 45 డిగ్రీల లోపలే. ఎగ్జాస్ట్ మూతి వెనక్కి చూస్తుంది. ఎదురుగా వచ్చి అడ్డంగా తిప్పే కారువాడు అద్దాలెక్కించుకుని ఏసీ, పాటలు పెట్టుకుని ఉంటాడు, మన సౌండ్ పూర్తిగా అందేది మనం దాటిపోయాక వెనకున్నవాడికి. అస్సలు పనికిరాదని నేననను, పక్క లేన్‌లో నెమ్మదిగా పోతున్నవాడికి వినపడొచ్చు, కానీ దానికోసం ఊరందర్నీ లేపాలంటే ఒప్పుకోను, ముందుకి వినపడాలంటే హారన్ ఉంది.

రైడర్ చెవి గురించి ఎవరూ అడగరు. హైవే స్పీడ్‌లో హెల్మెట్ లోపల గాలి హోరే 100 డీబీ దగ్గరికి పోతుంది, ఎగ్జాస్ట్ దాంట్లో సగం వినపడదు కూడా. అందుకని ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటారు, పెట్టుకున్నాక సౌండ్ తగ్గిందని ఇంకో పెద్ద పైపు వేస్తారు. చూశాను.

సరే, ఎంతుండాలి మరి

నా వరకు లెక్క ఇది. ప్లేట్ మీద నంబర్ మూలం, మంచి క్యాన్ దానికి 2 డీబీ అటూ ఇటూ ఉంటే పట్టించుకోను, 3 దాటితే ఏదో ఒకటి పాడైనట్టో పీకేసినట్టో. అది కాక సీ రీడింగ్ ఒరిజినల్ సైలెన్సర్ కంటే మరీ ఎక్కువ లేకుండా చూస్తాను, దీనికి ఏ రూలూ లేదు, కానీ గొడవలన్నీ వచ్చేది అక్కడి నుంచే. ప్లేట్ నంబరే ఎక్కువున్న బండ్లున్నాయి, వాటికి టెస్ట్ పాసైనా దారి మూసేసే చోట్లున్నాయి, ఆస్ట్రియాలోని టిరోల్‌లో 2020 వేసవి నుంచి స్టేషనరీ నంబర్ 95 దాటిన బండ్లని కొన్ని కొండదారుల్లోకి రానివ్వట్లేదు, మీటర్ పెట్టి కొలవక్కర్లేదు, కాగితం మీద రాసుంటే చాలు.

ఓనర్‌కి చెప్పి పంపినవి: పొద్దున స్టార్ట్ చేసి ఇంటి ముందు నిలబెట్టి వేడి చెయ్యొద్దు, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి అది అవసరం లేదు, ఫాస్ట్ ఐడిల్‌లో నిలబడటమే పై ఇంటికి అన్నిటికంటే ఎక్కువ తగిలేది, స్టార్ట్ చేసి కొద్ది సెకన్లలో చిన్నగా కదిలిపో. వీధి దాటేదాకా ఒక గేర్ ఎక్కువలో పో, 4000 బదులు 2500లో ఇదే బండి చాలా మర్యాదగా ఉంటుంది. సర్వీస్‌కి వచ్చినప్పుడల్లా రివెట్లు, క్లాంప్, హెడర్ గ్యాస్కెట్ చూపించు. సౌండ్ నెమ్మదిగా రేకులా మారుతుంటే "ఫ్రీ అయింది" అని సంబరపడొద్దు, అది ప్యాకింగ్ కాలిపోతోందని అర్థం, క్యాన్ పైన రంగు మారడం మొదలయ్యేలోపు తీసుకురా.